ఓజీటీ యాంటీబాడీ: 110 దగ్గర నమ్మొచ్చు, 75 దగ్గర నమ్మొద్దు

హనుమకొండలో ఓజీటీ అనే ఎంజైమ్ మీద పనిచేసేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే ఉన్నాం కానీ షుగర్ మీద, కాలేయం మీద, క్యాన్సర్ మీద పనిచేసే స్కాలర్లు వరంగల్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు, వాళ్లలో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఓజీటీని పట్టి చూపించే ఈ యాంటీబాడీ కొనాల్సి వస్తుంది. కొనేముందు ఇది ఒకసారి చదవండి. నేను రెండు వయల్స్ వాడాను. క్యాటలాగ్ నంబర్ ఒకటే, లాట్లు (తయారీ విడతలు) వేరు. మొదటి దాని మీద నా థీసిస్‌లో ఒక చాప్టర్ మొత్తం నిలబడింది, రెండోది నాలుగు నెలలు మింగేసింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది కుందేలు పాలీక్లోనల్ (కుందేలు రక్తంలోంచి తీసిన యాంటీబాడీల గుంపు), ఈ తంటా ఏ కంపెనీ పాలీక్లోనల్‌తోనైనా రావచ్చు, పేరు చూసి వదిలేసి ఇంకో కంపెనీది పరీక్ష చేయకుండా కొనుక్కుంటే మీకేం లాభం లేదు.

ముందు ఓజీటీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. మా బాపుకు పదకొండేళ్లుగా షుగర్. ఇంటికి పోయినప్పుడల్లా "షుగర్ మీదనే చదువుతున్నవ్ గదా బిడ్డా, ఏం తేలింది?" అని అడుగుతాడు. ఆయనకు చెప్పినట్టే ఇక్కడా చెప్తాను. మనం తిన్న అన్నంలోంచి వచ్చిన గ్లూకోజ్ కణంలోకి పోయాక చాలావరకు శక్తికి ఖర్చవుతుంది, ఒక చిన్న పాయ మాత్రం హెక్సోసమీన్ దారి పట్టి యూడీపీ-గ్లక్‌నాక్‌గా మారుతుంది. ఓజీటీ ఆ చక్కెర ముక్కను తెచ్చి ప్రొటీన్ల మీద సెరీన్, థ్రియోనీన్ ఉన్నచోట అతికిస్తుంది. దాన్ని ఊడదీసే ఎంజైమ్ పేరు ఓజీఏ. న్యూక్లియస్‌లో, సైటోప్లాజంలో వేల ప్రొటీన్ల మీద ఈ అతికించే పని, ఊడదీసే పని ఈ రెండు ఎంజైములే చూసుకుంటాయి. ప్రొటీన్ల మీద ఫాస్ఫేట్ పెట్టడానికి, తీయడానికి వందల కైనేజ్‌లు, ఫాస్ఫటేజ్‌లు ఉంటే దీనికి జత ఒక్కటే. ఇలా ప్రొటీన్ మీద అతికిన చక్కెరను ఓ-గ్లక్‌నాక్ గుర్తు అంటారు, దాని గురించి 1984లో టోరెస్, హార్ట్ మొదట చెప్పారు, ఓజీటీ జీన్‌ను 1997లో క్లోన్ చేశారు. గ్లూకోజ్ పెరిగితే ఈ గుర్తులు పెరుగుతాయి కాబట్టే షుగర్ వ్యాధి మీద పనిచేసేవాళ్లకు దీని మీద ఇంత ఆసక్తి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వయల్‌లో ఉండేది 100 మైక్రోలీటర్లు. నాకు పడింది 46 వేలు. నాకున్న సీఎస్ఐఆర్ ఫెలోషిప్‌లో కంటింజెన్సీ ఏడాదికి 20 వేలు, రెండేళ్లది కూడబెట్టినా చాలదు, మా గైడ్ మేడమ్ తన ప్రాజెక్టులోంచి మిగతాది సర్దితేనే కొనగలిగాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. పెద్ద ల్యాబుల్లో ఒకటి పనిచేయకపోతే ఇంకోటి తెప్పించుకుంటారు. మన దగ్గర ఒకటి పోతే ఒక ఏడాది పోయినట్టే.

మొదటి వయల్ 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ డీలర్ దగ్గర్నుంచి బయల్దేరింది. సరిగ్గా మేడారం జాతర వారం. బస్సులన్నీ జాతరకే, రోడ్లన్నీ జనమే, ఆ నాలుగు రోజులు హనుమకొండకు ఏ పార్సిల్ వేళకు వస్తుందో దేవుడికే తెలియాలి, ఆ సంగతి డీలర్‌కు నేను ముందే ఫోన్ చేసి చెప్పినా పంపేశాడు. రెండు రోజులు ఆలస్యంగా చేతికొచ్చింది. థర్మకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాకులు మెత్తగా, గోరువెచ్చగా ఉన్నాయి. ఆ రోజు నాకు పట్టిన టెన్షన్ చెప్పలేను. కానీ యాంటీబాడీకి ఏమీ కాలేదు. దీన్ని 50 శాతం గ్లిసరాల్‌లో పెట్టి ఇస్తారు, ఫిబ్రవరి కాబట్టి ఎండలు ఇంకా ముదరలేదు, యాంటీబాడీలు మనం భయపడేంత సున్నితమైనవేం కావు, ఒకటి రెండు రోజులు చల్లదనం తగ్గితే చచ్చిపోవు. అదే మే నెల అయితే నేను ఈ మాట ధైర్యంగా అనను. గ్లిసరాల్ ఉండడం వల్ల ఇంకో మేలు, −20లో పెట్టినా గడ్డకట్టదు, పిపెట్‌తో నేరుగా తీసుకోవచ్చు, చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచాల్సిన పని లేదు. ఫ్రిజ్ తలుపు పక్కన మాత్రం పెట్టకండి, లోపలికి పెట్టండి, కరెంటు పోయినప్పుడు మొదట వేడెక్కేది తలుపు పక్కనే.

వెస్టర్న్ అంటే ప్రొటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి (అదే ట్రాన్స్‌ఫర్), కావాల్సిన ప్రొటీన్‌ను యాంటీబాడీతో గీతగా చూడడం. మొదటి వెస్టర్న్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పుణెలోని కణాల కేంద్రం ఎన్‌సీసీఎస్ నుంచి తెచ్చిన హెప్‌జీ2 అనే మనిషి కాలేయ క్యాన్సర్ కణాలు, ఒక్కో లేన్‌కు 30 మైక్రోగ్రాముల ప్రొటీన్, 8 శాతం జెల్. పాన్సో అనే ఎర్ర రంగు పోస్తే మెంబ్రేన్ మీద ఎర్రటి గీతలు పైనుంచి కిందదాకా సమంగా కనిపించాయి, అంటే ట్రాన్స్‌ఫర్ బాగానే అయింది. ప్రైమరీ, అంటే ఈ ఓజీటీ యాంటీబాడీ, 1:1000లో రాత్రంతా, పొద్దున దాన్ని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే సెకండరీ యాంటీబాడీ గంట. డార్క్ రూమ్‌లో ఫిల్మ్‌ను ముప్పై సెకన్లు పెట్టి డెవలపర్‌లో ముంచి ఊపుతుంటే ఎర్ర బల్బు వెలుగులో ముందు ఏమీ లేదు, తర్వాత మార్కర్‌లో 100కు కాస్త పైన సన్నటి నల్లగీత పైకి తేలింది, చూస్తుండగానే చిక్కబడింది. ఓజీటీ పొడవు రూపం 110 కిలోడాల్టన్ల (ప్రొటీన్ సైజు కొలత) దగ్గరే రావాలి. వచ్చింది. పక్కనే ఉన్న మా జూనియర్ "అక్కా, వచ్చింది" అని అరిచింది. కానీ 75 దగ్గర ఇంకో బ్యాండ్ కూడా ఉంది. పైదానికంటే కొంచెం పల్చగా, ఐనా స్పష్టంగా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఓజీటీకి మూడు రూపాలున్నాయి. న్యూక్లియస్, సైటోప్లాజంలో ఉండేది 110 చిల్లర, మైటోకాండ్రియాది 103 దాకా, పొట్టి రూపం 75 నుంచి 78 మధ్య. డేటాషీట్‌లో కూడా 75 దగ్గరి గీతను చూపించి పొట్టి రూపం కావచ్చని రాశారు. చదివిన వెంటనే అబ్బ, రెండు రూపాలూ ఒకే బ్లాట్‌లో దొరికాయి అనిపిస్తుంది. ఎలుక కాలేయం నుంచి ఓజీటీని తొలిసారి శుద్ధి చేసినప్పుడు 110తో పాటు 78 కూడా దొరికింది కాబట్టి మాటకు బలం కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. మేడమ్ మాత్రం ఒక్కటే మాట అన్నారు, "ఓజీటీని తగ్గించి చూడమ్మా, రెండూ తగ్గితే అప్పుడు మాట్లాడదాం."

అసలు జీన్‌నే తీసేసి చూడొచ్చు కదా అంటే, ఓజీటీ లేకుండా కణాలు ఎక్కువ రోజులు బతకవు, అందుకే జీన్ సందేశాన్ని అణచే ఎస్ఐఆర్ఎన్ఏతో తగ్గించాలి. మూడు రూపాలూ ఒకే జీన్ నుంచి వచ్చేవే, చక్కెర అతికించే చివరి భాగం మూడింటికీ ఒకటే, కాబట్టి ఆ భాగం మీద పడే ఎస్ఐఆర్ఎన్ఏ వేస్తే మూడూ తగ్గాలి. 48 గంటలకు 110 బ్యాండ్ సగమైంది. 72 గంటలకు దాదాపు మాయమైంది, ఫిల్మ్‌ను ఎక్కువసేపు పెడితే తప్ప కనపడలేదు. 75 బ్యాండ్ మాత్రం కదల్లేదు. కంట్రోల్ లేన్‌లో ఎంత ఉందో 72 గంటల లేన్‌లోనూ అంతే. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే వేసి చూస్తే ఏ గీతా రాలేదు, అంటే తప్పు సెకండరీది కాదు, ఈ ప్రైమరీయే ఇంకేదో ప్రొటీన్‌ను పట్టుకుంటోంది. హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితురాలి దగ్గర ఎలుక మోనోక్లోనల్ (గుంపు కాకుండా ఒకే రకం యాంటీబాడీ) ఒకటి ఉంటే రెండు మైక్రోలీటర్లు అడిగి తెచ్చుకుని అవే లైసేట్ల (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) మీద వేశాను. 110 వచ్చింది, 75 లేదు.

హెప్‌జీ2 వరకు నేను ఖాయంగా చెప్పగలను, ఈ యాంటీబాడీతో వచ్చే 75 గీత ఓజీటీ కాదు. దాన్ని కొలిచి పొట్టి ఓజీటీ పెరిగింది, తగ్గింది అని రాయకండి. ఎలుక కాలేయంలో నేను వేసినప్పుడు 110తో పాటు 75, 78 ప్రాంతంలో మందంగా ఒక గీత వచ్చింది, అందులో నిజమైన పొట్టి రూపం ఎంత, ఈ అడ్డదిడ్డం ప్రొటీన్ ఎంత అన్నది ఈ యాంటీబాడీతో విడదీయలేం, కాబట్టి ఆ గీతను నా థీసిస్‌లో వాడుకోలేదు.

యాంటీబాడీని ముందుగా దాని పెప్టైడ్‌తో (దాన్ని తయారు చేయించడానికి వాడిన చిన్న ప్రొటీన్ ముక్కతో) కలిపి వేస్తే బ్యాండ్ పోతుంది, అదే రుజువు అని డేటాషీట్‌లో ఒక బొమ్మ ఉంటుంది. అది చూసి తృప్తి పడకండి. పెప్టైడ్ యాంటీబాడీ నోరు మూసేస్తుంది, నోరు మూస్తే అది పట్టే సరైన ప్రొటీన్ పోతుంది, తప్పు ప్రొటీన్ కూడా పోతుంది. నా చేతిలో కూడా పెప్టైడ్ వేస్తే 110, 75 రెండూ పోయాయి. 2016లో యాంటీబాడీలను ఎలా పరీక్షించాలో ఒక అంతర్జాతీయ బృందం ఐదు దారులు చెప్పింది, జీన్‌ను తగ్గించి చూడడం, ఇంకో యాంటీబాడీతో పోల్చడం వాటిలో రెండు. మనలాంటి చిన్న ల్యాబుల్లో ఆ రెండూ చేయగలం. ఎస్ఐఆర్ఎన్ఏ ఖర్చు ఎక్కువనిపిస్తే, ఎవరి దగ్గరైనా ఓజీఏను ఆపే థయామెట్-జీ కాస్త అడిగి తెచ్చుకోండి. అది వేస్తే ఓ-గ్లక్‌నాక్ గుర్తులు పెరుగుతాయి, కణం దాన్ని సర్దుకోవడానికి ఓజీటీని తగ్గించుకుంటుంది. 24 గంటలు ఉంచితే 110 బ్యాండ్ పల్చబడడం నేనూ చూశాను. ఎస్ఐఆర్ఎన్ఏ అంత గట్టి రుజువు కాదు కానీ ఏమీ చేయకపోవడం కంటే చాలా నయం.

వెస్టర్న్‌కు ఇది మంచిదే, 110ను మాత్రమే కొలిచినంత కాలం. ఇమ్యునోప్రెసిపిటేషన్‌లో, అంటే ద్రవంలోంచి ప్రొటీన్‌ను యాంటీబాడీతో బయటికి లాగడంలో కూడా బాగా లాగింది, యాంటీబాడీ సొంత గొలుసులు 50, 25 దగ్గర వస్తాయి కాబట్టి 110కి అడ్డం రావు. ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కు, అంటే కణంలోనే ప్రొటీన్‌ను వెలిగించి మైక్రోస్కోప్‌లో చూడడానికి మాత్రం దయచేసి వాడొద్దు. డేటాషీట్‌లో వాడొచ్చని ఉంది, బొమ్మ కూడా అందంగా ఉంది, న్యూక్లియస్ పచ్చగా వెలుగుతూ. నాకూ అలాగే వచ్చింది. కానీ ఓజీటీ తగ్గించిన కణాలు కూడా అంతే పచ్చగా వెలిగాయి. కారణం సులువు. వెస్టర్న్‌లో తప్పు ప్రొటీన్ వేరే సైజులో వచ్చి పక్కన నిలబడుతుంది, మనం దాన్ని వదిలేసి సరైన దాన్ని కొలుస్తాం. కణంలో సైజు కనపడదు, ఒప్పు తప్పు రెండూ ఒకే రంగులో వెలుగుతాయి. మూడు వారాల మైక్రోస్కోపీ ఫోటోలు అన్నీ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. బాధేసింది కానీ అవి పేపర్‌లో పెట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇక రెండో వయల్. 2025 మే. ఈసారి పార్సిల్‌ను నమ్మకుండా నేనే పోయాను, పొద్దుగాల కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, డీలర్ దగ్గర వయల్ తీసుకుని, థర్మకోల్ డబ్బాలో ఐస్ నింపుకుని ఒళ్లో పెట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను. చలువలో ఏ లోపమూ లేదు. కానీ బ్లాట్ వేస్తే 110 గీత వెంట్రుకవాసి, 75 గీత బొగ్గులా నలుపు, కింద 55 దగ్గర ఇంతకుముందు ఎన్నడూ లేని ఇంకో గీత. డీలర్‌కు ఫోన్ చేస్తే "మీ టెక్నిక్‌లోనే ఏదో తేడా ఉందమ్మా" అన్నాడు. కంపెనీకి మెయిల్ పెడితే బ్లాకింగ్ మార్చండి, డైల్యూషన్ మార్చండి అని జవాబు. మార్చాను. పాలపొడి పోయి బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్), 1:1000 పోయి 1:500, 1:2000. ఏం మార్చినా అదే.

అదృష్టం ఏమిటంటే పాత వయల్ అడుగున ఐదారు మైక్రోలీటర్లు దాచిపెట్టాను. ఒకే లైసేట్‌ను ఒకే జెల్‌లో ఎడమ సగం, కుడి సగం ఒకేలా వేసి, మెంబ్రేన్‌ను నిలువునా కోసి, ఒక సగం పాత లాట్‌లో, ఇంకో సగం కొత్త లాట్‌లో పెట్టి, రెండింటినీ ఒకే ఫిల్మ్ కింద ఎక్స్‌పోజ్ చేశాను. పక్కపక్కనే పెడితే ఇక ఎవరూ టెక్నిక్ అనలేరు. ఆ ఫిల్మ్ స్కాన్ చేసి, ఎస్ఐఆర్ఎన్ఏ బ్లాట్ జతచేసి, రెండు లాట్ నంబర్లూ రాసి పంపాను. ఐదు వారాలకు జవాబొచ్చింది, ఇంకో వయల్ ఇస్తాం అని, చూస్తే అదే లాట్! వద్దని మళ్లీ రాస్తే చివరకు డబ్బులు వేరే ఐటమ్‌కు వాడుకునేలా క్రెడిట్ నోట్ ఇచ్చారు. మొత్తం నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలకు నా ఫెలోషిప్‌లో ఎవరూ గడువు పెంచరు.

ఇది ఎందుకు జరిగిందో తెలిస్తే ముందే జాగ్రత్త పడొచ్చు. పాలీక్లోనల్ అంటే కుందేలు రక్తంలోంచి తీసిన రకరకాల యాంటీబాడీల గుంపు. ఆ కుందేలు అయిపోతే ఇంకో కుందేలు, దాని ఒంట్లో తయారయ్యే గుంపు వేరు. ఒకే కుందేలు నుంచి ఈ నెల తీసిన రక్తానికీ మూడు నెలల తర్వాత తీసిన దానికీ కూడా తేడా ఉంటుంది. కోలర్, మిల్‌స్టైన్ 1975లో హైబ్రిడోమా కనిపెట్టి ఒకే రకం యాంటీబాడీని ఎడతెగకుండా తీసే దారి చూపారు, దానికి నోబెల్ వచ్చింది 1984లో, ఓ-గ్లక్‌నాక్ బయటపడ్డ సంవత్సరమే. ఇప్పుడు దానికంటే మెరుగైనవి రీకాంబినెంట్ మోనోక్లోనల్స్, యాంటీబాడీ సీక్వెన్స్ చేతిలో ఉంటుంది కాబట్టి ఏ లాట్ అయినా అదే యాంటీబాడీ. ధర కొంచెం ఎక్కువ. ఆ క్రెడిట్ నోట్‌కు ఇంకో తొమ్మిది వేలు కలిపి నేను అదే తీసుకున్నాను, అది కూడా ఎస్ఐఆర్ఎన్ఏ మీద వేసి చూశాకే మిగతా పని మొదలుపెట్టాను. 110 ఒక్కటే గీత, శుభ్రంగా.

పాలీక్లోనల్‌నే కొనేవాళ్లకు కొన్ని సంగతులు. కొటేషన్ అడిగేటప్పుడే లాట్ నంబర్ అడగండి, మీకు తెలిసినవాళ్లు ఎవరైనా పరీక్షించిన లాట్ ఇంకా స్టాక్‌లో ఉంటే పర్చేజ్ ఆర్డర్‌లోనే ఆ నంబర్ రాయించండి, థీసిస్‌కు సరిపడా ఒకేసారి కొనండి. మెంబ్రేన్‌ను 100 దగ్గర అడ్డంగా కోసి పై ముక్కనే యాంటీబాడీలో పెట్టడం మన దగ్గర అలవాటు, ఆదా కోసం నేనూ చేసేదాన్ని, కానీ అలా చేస్తే 75 గీత ఉందన్న సంగతే మీకు తెలియదు, కనీసం మొదటి మూడు బ్లాట్లు పూర్తిగా వేయండి. ఆదా కావాలంటే పెట్టెలో 5 మిల్లీలీటర్లు పోసే బదులు మెంబ్రేన్‌ను ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూడు వైపులా సీల్ చేసి రెండున్నర మిల్లీలీటర్లు పోసి, గాలి బుడగలు వేలితో బయటికి తోసి నాలుగో వైపు సీల్ చేయండి. అప్పుడు 20 బ్లాట్లకు వచ్చే వయల్ 40కి వస్తుంది, ఒక్కో బ్లాట్ 2,300 నుంచి 1,150కి దిగుతుంది. బీఎస్ఏలో కలిపి సోడియం అజైడ్ 0.02 శాతం వేసి 4 డిగ్రీల్లో పెడితే అదే ద్రావణం మూడుసార్లు వాడుకోవచ్చు. పాలపొడిలో కలిపితే ఆగదు, రెండో రోజుకే వాసన. అజైడ్ వేసినప్పుడు మాత్రం సెకండరీకి ముందు వాష్‌లు గట్టిగా చేయండి, సెకండరీకి అతికించి ఉండే, సిగ్నల్ పుట్టించే ఎంజైమ్ హెచ్ఆర్‌పీని అజైడ్ చంపేస్తుంది, సిగ్నల్ రాకపోతే తప్పు ప్రైమరీది అనుకుంటారు. అన్ని లేన్లలో ప్రొటీన్ సమంగా పడిందో చూసే లోడింగ్ కంట్రోల్‌గా విన్‌క్యులిన్ పెట్టకండి, అది 117, ఓజీటీకి ఆనుకుని కూర్చుంటుంది. యాక్టిన్ 42, హాయిగా వేరుగా కనిపిస్తుంది.

రాత్రంతా ట్రాన్స్‌ఫర్ పెట్టి ఇంటికి పోవద్దు, మన దగ్గర ఎండాకాలం రాత్రి కరెంటు ఎప్పుడు పోయిందో ఎంతసేపు పోయిందో పొద్దున తెలియదు. పగలే 100 వోల్టుల్లో గంటన్నర, బయట ఐస్ ట్రే పెట్టి, బఫర్‌లో మెథనాల్ 20 బదులు 10 శాతం వేస్తే 110 సైజు ప్రొటీన్ చక్కగా దాటుతుంది.

మొదటి లాట్‌కు వెస్టర్న్ వరకు ఐదుకు నాలుగు ఇస్తాను, ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కు ఒకటి. రెండో లాట్‌కు ఇవ్వడానికి ఏమీ లేదు. రెండు లాట్ల బ్లాట్లు, కోయకుండా పూర్తి ఫిల్ములు, నా దగ్గర భద్రంగా ఉన్నాయి, వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా ఇదే యాంటీబాడీకి కొటేషన్ తీసుకుని ఉంటే లాట్ నంబర్ నాకు పంపండి, పోల్చి చెప్తాను. ఓజీటీ తగ్గించిన హెప్‌జీ2 లైసేట్ −80లో ఇంకా ఆరు ట్యూబులు మిగిలాయి, మీ వయల్ తెరిచాక పరీక్షకు ఒక లేన్ వేసుకోవడానికి కావాలంటే ఐస్ డబ్బా తెచ్చుకోండి, ఇస్తాను.